పక్క సీట్లో కొత్త డ్రైవరు: తరచుగా అడిగే ప్రశ్నలు

లైసెన్సు చేతికొచ్చిన రోజు వేరు, పెద్ద బండిని ఒంటరిగా తీసుకెళ్ళి తిరిగి తెచ్చే రోజు వేరు. ఈ రెండింటి మధ్య కొన్ని వారాలో, నెలలో పక్కన ఒక సీనియర్ కూర్చుంటాడు. అలా కూర్చునే సీనియర్లూ, వాళ్ళ దగ్గర నేర్చుకునే కొత్తవాళ్ళూ నన్ను మళ్ళీ మళ్ళీ అడిగిన ప్రశ్నలివి. కొన్నింటికి జవాబు పొడుగ్గా ఉంటుంది, కొన్నింటికి నాలుగు మాటలు చాలు.

లైసెన్సు ఉంది కదా, ఇంకా పక్కన మనిషి ఎందుకు?

పరీక్షలో చూసేది బండిని కదిలించగలడా, తిప్పగలడా, ఆపగలడా అని. నిండు లోడుతో తెల్లవారుజామున వానలో దిగుడు దిగడం ఏ పరీక్షలోనూ ఉండదు. పైగా కారు నడిపిన అలవాటు ఇక్కడ సాయం చేయకపోగా అడ్డం పడుతుంది. కారులో బ్రేకు తొక్కగానే పట్టుకుంటుంది. పెద్ద బండికి ఉండే ఎయిర్ బ్రేకులో పెడల్ తొక్కాక గాలి గొట్టాల్లోంచి చక్రాల దాకా వెళ్ళాలి. దానికి అర సెకను దాకా పడుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. అంటే కాలు పెడల్ మీదే ఉన్నా, బ్రేకు పట్టేలోపే 11 మీటర్లు అయిపోతాయి. ప్రమాదాన్ని చూసి కాలు అక్కడిదాకా తేవడానికి పట్టిన సెకనో, సెకనున్నరో దానికి అదనం. ఇది చదివితే బుర్రకెక్కుతుంది, కాలికెక్కదు. కాలికెక్కించడానికే పక్కన మనిషి.

మొదటి రోజే స్టీరింగ్ ఇచ్చేయొచ్చా?

ఇవ్వకండి. నేనైతే తాళం ఇచ్చేముందు బండి చుట్టూ రెండుసార్లు తిప్పుతాను. మొదటిసారి నేను చూపిస్తాను, రెండోసారి అతను నాకు చూపించాలి.

చక్రం దగ్గర గొంతుక్కూర్చుని నట్లు చూడమంటాను. నట్టు కింది నుంచి తుప్పు గీతలా కారిందా? నట్టు చుట్టూ పెయింటు రాలి ఇనుము కొత్తగా మెరుస్తోందా? రెండిట్లో ఏది కనిపించినా నట్టు వదులైందని అనుమానించాల్సిందే. చక్రం మార్చిన బండి అయితే 50 నుంచి 100 కిలోమీటర్లు పోయాక ఆపి మళ్ళీ బిగించుకోవాలి, ఎందుకంటే కొత్తగా బిగించిన చక్రం నడిచాక కాస్త సర్దుకుంటుంది. జంట టైర్ల మధ్య రాయి ఇరుక్కుందేమో టార్చి వేసి చూడాలి. ఆ రాయి వేగంలో ఊడితే వెనక వచ్చేవాడి అద్దం మీద పడుతుంది. లోపలి టైరులో గాలి లేకపోయినా బయటిది మోసేస్తుంది కాబట్టి చూపుకి ఏమీ తెలియదు, గేజి పెట్టాల్సిందే.

తర్వాత గాలి ట్యాంకులు. చక్రాలకు అడ్డు పెట్టించి, ఇంజను ఆపి, స్విచ్చి మాత్రం ఆన్‌లో ఉంచి పెడల్ పదేపదే తొక్కమంటాను. గాలి ఒత్తిడి తగ్గుతూ గేజిలో సుమారు 4 బార్ దగ్గరకు వచ్చేసరికి హెచ్చరిక మోగాలి. ఆ మోత కొత్తవాడు బండి నిలబడి ఉండగానే వినాలి. మొదటిసారి రోడ్డు మీద వింటే అదేమిటో తెలిసేలోపే కంగారు పడతాడు. గాలి ఇంకా పడిపోతే వెనక చక్రాలకు స్ప్రింగు బ్రేకు తనంతట తానే పట్టేస్తుంది. స్ప్రింగు చక్రాన్ని పట్టుకుంటుంది, గాలి ఆ పట్టు విడిపిస్తుంది. ఈ ముక్క తిరగేసి అర్థం చేసుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు, సీనియర్లలో కూడా.

ఇంకోటి, నవ్వకండి: క్యాబిన్ ఎక్కడం, దిగడం కూడా నేర్పాలి. ముఖం బండి వైపు ఉండాలి. రెండు చేతులూ ఒక కాలూ, లేదా రెండు కాళ్ళూ ఒక చెయ్యీ ఎప్పుడూ ఆనుకుని ఉండాలి. దూకకూడదు. ఈ వృత్తిలో మోకాళ్ళూ మడమలూ పోగొట్టుకున్నవాళ్ళలో రోడ్డు మీద దెబ్బ తగలనివాళ్ళు ఎందరో.

నా పక్కన కూర్చున్న కుర్రాడు మాట్లాడడు. ఏం చెప్పినా "సరే అన్నా" అంటాడు. అర్థమైందో లేదో ఎలా తెలుస్తుంది?

"సరే అన్నా" అన్న మాటకు నేను భయపడతాను. దాంట్లో సగంసార్లు ఉండేది "అర్థం కాలేదు, కానీ అడిగితే తిడతావు" అన్న అర్థం.

నా కథే చెబుతాను. నేను నేర్చుకునేటప్పుడు నా పక్కన కూర్చున్నాయన నడపడంలో మొనగాడు, నోరు మాత్రం భరించలేం. ఒక పొడుగు దిగుడులో నాకు మాడు వాసన వచ్చింది. అడుగుదామనుకున్నాను. పొద్దున ఏదో అడిగినందుకు పడ్డ చీవాట్లు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. ఆయనకు ఆ రోజు జలుబు, వాసన తెలియలేదు. కిందికి వచ్చి ఆపితే వెనక చక్రం దగ్గర పొగ. ఒక బ్రేకు పూర్తిగా విడవకుండా రాసుకుంటూ వచ్చింది. ఏమీ కాలేదు కాబట్టి ఇప్పుడు కథలా చెబుతున్నాను. ముందే వాసన వచ్చిందని నేను ఆయనకు ఆ రోజూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు. భయపడే కొత్తవాడు క్యాబిన్లో చెవులు, ముక్కు ఉండి కూడా లేని మనిషి.

మాట్లాడించడానికి నేను వాడేది ఒకటుంది. అరగంటసేపు అతను నడుపుతూ, తనకు కనిపించేది కనిపించినట్టు పైకి చెప్పాలి. "ముందు సైకిలు, వెనక్కి చూడట్లేదు, కాలు బ్రేకు మీద పెడుతున్నా. ఆగిన బస్సు, దాని ముందు నుంచి ఎవరైనా రావచ్చు." మొదటి పది నిమిషాలు సిగ్గుపడతాడు, తర్వాత అలవాటవుతుంది. అతను దేని గురించి చెప్పలేదో అదే అతనికి కనిపించనిది. నేను ఏది నేర్పాలో నాకు అక్కడ దొరుకుతుంది. ఎక్కువమంది కొత్తవాళ్ళు బానెట్టుకు పాతిక మీటర్ల ముందు చూస్తూ ఉంటారు. 12 నుంచి 15 సెకన్లలో బండి ఎక్కడికి చేరుతుందో అక్కడ చూపు ఉండాలి.

అర్థమైందా అని అడగడం మానేయండి. "ఇప్పుడు నువ్వు నాకు చెప్పు" అనండి.

తప్పు చేసినప్పుడు అరవకుండా ఎలా ఉంటాం? ప్రాణం మీదికి వస్తుంది కదా.

వస్తుంది. అందుకే బయల్దేరే ముందే ఒక్క మాట అనుకోవాలి. మేం అనుకునేది "ఆపు". ఆ మాట వినపడితే ఎందుకని అడగకుండా వేగం తగ్గించి బండి ఆపడమే. ఆ మాట అనే హక్కు ఇద్దరికీ ఉంటుంది. నేను నడుపుతున్నప్పుడు కొత్తవాడు "ఆపు" అన్నా నేను ఆపుతాను, కారణం తర్వాత అడుగుతాను. రెండుసార్లు అలా ఆపితే అతనికి నమ్మకం కుదురుతుంది.

మిగతా మాటలన్నీ బండి నిలబడ్డాక. నడుస్తున్న బండిలో ఉపన్యాసం ఇస్తే అతను సగం చెవి మీకు పెట్టి సగం కన్ను రోడ్డుకు పెడతాడు. ఆపాక కూడా మీరు మొదలుపెట్టకండి. "ఏం జరిగింది?" అని అతన్నే చెప్పనివ్వండి. పదిలో ఎనిమిదిసార్లు తన తప్పు తనే చెబుతాడు, మీరు కలపాల్సింది ఒక ముక్కే. రోజు మొత్తంలో జరిగిన పదిహేను తప్పుల్ని సాయంత్రం ఏకరువు పెట్టడం కూడా వద్దు. ఆ రోజుకి పెద్దవి రెండు ఎంచుకోండి.

దిగుడు ఎప్పుడు, ఎలా నేర్పాలి?

తొందరపడకూడని పాఠం ఇదొక్కటే. మొదట మీరు నడుపుతూ అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని నోటితో చెప్పండి. తర్వాత తక్కువ వాలు, సగం లోడు. నిండు లోడుతో పొడుగు దిగుడు చివర్లో.

వేగం రెట్టింపయితే బండిలో ఉండే శక్తి నాలుగింతలవుతుంది. దిగుడులో ఆ శక్తి అంతా ఎక్కడికో పోవాలి. బ్రేకే తొక్కుతూ పోతే అదంతా చక్రాల్లోని బ్రేకు డ్రమ్ముల్లో వేడిగా చేరుతుంది. డ్రమ్ము వేడికి సాగి, దాన్ని లోపలి నుంచి ఒత్తే షూలకు దూరమవుతుంది, షూల మీది లైనింగు పట్టు తగ్గుతుంది. పెడల్ ఇంకా ఇంకా కిందికి పోతుంది, బండి ఆగదు. బ్రేకు ఫెయిలయిందని జనం అనేదాంట్లో చాలాసార్లు జరిగేది ఇదే. బ్రేకు పాడవలేదు, డ్రైవరు కాల్చేశాడు.

కాబట్టి గేరు పైనే తగ్గించాలి, వాలు మొదలయ్యే ముందే. సగం దిగాక తగ్గిద్దామంటే గేరు పడకపోవచ్చు, అప్పుడు న్యూట్రల్లో ఇరుక్కుంటాం. కాలి బ్రేకు వాడకుండానే వేగాన్ని అదుపు చేసే ఇంజను బ్రేకో రిటార్డరో ఉంటే అసలు పని దానిదే, కాలి బ్రేకు దానికి తోడు. అనుకున్న వేగానికి చేరగానే గట్టిగా ఒకసారి తొక్కి, వేగాన్ని గంటకు సుమారు 8 కిలోమీటర్ల మేర తగ్గించి, పూర్తిగా వదిలెయ్యాలి. మళ్ళీ ఆ వేగం వచ్చినప్పుడు మళ్ళీ అలాగే. మెల్లగా ఆనించి ఉంచడం కొత్తవాళ్ళకు జాగ్రత్తలా అనిపిస్తుంది. డ్రమ్ములు కాలేది దానితోనే.

రోడ్డు తడిగా, జారుడుగా ఉండి బండి ఖాళీగా ఉంటే ఇంజను బ్రేకు ఆపేయాలి. అది పట్టేది ఇంజను తిప్పే చక్రాలనే. అవి జారితే వెనక ట్రైలర్ తోసుకొచ్చి బండి మధ్యలో మడతపడుతుంది. డీజిల్ కలిసొస్తుందని దిగుడులో న్యూట్రల్ వేసే సీనియర్ ఎవరైనా ఉంటే, దయచేసి ఆయన పక్కన కొత్తవాళ్ళను కూర్చోబెట్టకండి.

ముందు బండికి ఎంత దూరం ఉండాలని చెప్పాలి?

మీటర్లలో చెబితే ఎవరికీ అందదు, సెకన్లలో చెప్పండి. బండి పొడవులో ప్రతి 3 మీటర్లకూ ఒక సెకను, వేగం 65 కిలోమీటర్లు దాటితే ఇంకో సెకను. 15 మీటర్ల బండికి హైవే మీద 6 సెకన్లు. ముందున్నవాడు ఏదైనా స్తంభం దాటగానే లెక్కపెట్టించండి. ఆ ఖాళీలోకి కార్లు దూరతాయి, దూరనివ్వండి. మళ్ళీ వెనక్కి తగ్గడమే.

రివర్స్ అంటే మా వాడికి చెమటలు పడుతున్నాయి.

అందరికీ పడతాయి. ట్రైలర్ అయితే స్టీరింగ్ ఒకవైపు తిప్పితే బండి తోక ఇంకోవైపు పోతుంది, బుర్ర తిరగబడుతుంది. చిన్న కిటుకు: చెయ్యి స్టీరింగ్ అడుగున పెట్టమనండి. చెయ్యి ఎటు జరిగితే ట్రైలర్ వెనక భాగం అటు పోతుంది. ఖాళీ జాగాలో నాలుగు డబ్బాలు పెట్టి రోజూ అరగంట చేయించండి. మొదట డ్రైవరు కిటికీ వైపుకు తిప్పడం నేర్పండి. తల బయటపెడితే ట్రైలర్ కనిపిస్తుంది. అవతలి వైపుకు తిప్పడం ఎంత సీనియర్‌కైనా గుడ్డి పనే, తప్పించుకునే దారుంటే తప్పించుకోవాలి.

అసలు నేర్పాల్సింది మాత్రం స్టీరింగ్ కాదు, దిగి చూడటం. అనుమానం వస్తే ఆపు, హ్యాండ్ బ్రేకు వెయ్యి, దిగు, వెనక్కి నడిచి చూడు. మూడుసార్లు దిగాల్సి వస్తే మూడుసార్లు. పైన తీగలూ, కొమ్మలూ, పక్కన గుంటా చూడాలి. వెనక నిలబడి చెయ్యి ఊపే మనిషి అద్దంలో కనిపించకుండా పోయాడంటే బండి ఆగిపోవాలి. బయట జనం హారన్లు కొడుతుంటే కొత్తవాడికి దిగడం నామోషీ. అక్కడే సీనియర్ పని ఉంది: మీరే ముందు దిగండి. నేను ఇన్నేళ్ళ తర్వాతా దిగుతాను, కొత్తవాళ్ళు చూస్తుండగా మరీ దిగుతాను.

కుంభాకార అద్దంలో వెనక బండి ఉన్నదానికన్నా దూరంగా కనిపిస్తుందని కూడా ఈ పాఠంలోనే చెప్పేయండి. క్యాబిన్ ముక్కు కింద, తలుపు పక్కన, ట్రైలర్ వెనక మనిషి నిలబడినా కనిపించడు. నమ్మకపోతే అతన్ని సీట్లో కూర్చోబెట్టి మీరు బండి చుట్టూ నడవండి. మీరు మాయమైన ప్రతిచోటా అతనే లెక్కపెట్టుకుంటాడు.

ఖాళీ బండితో మొదలుపెడితే తేలిక కదా?

మెల్లగా తిప్పడానికి తేలిక. ఆపడానికి కాదు. బ్రేకులు నిండు బరువుకు తగ్గట్టు చేసినవి. ఖాళీ బండిలో చక్రాలు ఎగురుతాయి, పట్టు తక్కువ, తొందరగా జారుతుంది. ఇక ట్యాంకరు మీద కొత్తవాళ్ళను పెట్టడం నాకు ఇష్టం ఉండదు. సగం నిండిన ట్యాంకులో ద్రవం ముందుకూ వెనక్కూ ఊగుతుంది. మీరు ఆపాక కూడా అది వచ్చి గోడను గుద్ది బండిని ముందుకు నెడుతుంది. పాల ట్యాంకుల్లో శుభ్రం చేయడం కోసం లోపల అడ్డగోడలు పెట్టరు, ఊపు ఇంకా ఎక్కువ.

లోడు కట్టడం డ్రైవరు పనా? మాకు వేరే మనుషులున్నారు.

కట్టేది ఎవరైనా కావచ్చు, రోడ్డు మీద పడితే బాధ్యత డ్రైవరుదే అవుతుంది చాలాచోట్ల. ఐరోపాలో వాడే ప్రమాణం ఇలా ఉంటుంది: సరుకు ముందుకు జారకుండా దాని బరువులో 0.8 వంతు బలాన్ని తట్టుకోవాలి, పక్కలకూ వెనక్కూ బరువులో సగం. "ఇంత బరువు ఎక్కడికి పోతుందిలే" అనేవాళ్ళకు ఈ లెక్క చెప్పండి. బరువు వల్ల రాపిడి పెరిగే మాట నిజమే, బ్రేకు వేసినప్పుడు ముందుకు తోసే బలమూ అంతే పెరుగుతుంది. బయల్దేరిన మొదటి 80 కిలోమీటర్లలోపు ఒకసారి ఆపి పట్టీలు చూడాలి, సరుకు కుదుటపడి పట్టీ వదులవుతుంది.

నిద్ర వస్తోందని చెప్పడానికి కొత్తవాళ్ళు సిగ్గుపడతారు. ఏం చేయాలి?

ముందు మీరు సిగ్గుపడటం మానాలి. "నేను రెండు రాత్రులు పడుకోకుండా నడిపాను" అన్న కథలు సీనియర్లు గొప్పగా చెబుతారు. విన్న కుర్రాడు అదే మగతనమనుకుంటాడు. ఆ కథ చెప్పలేకపోయినవాళ్ళ సంగతి ఎవరూ చెప్పరు.

17 నుంచి 19 గంటలు మేలుకుని ఉన్న మనిషి చురుకు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి చురుకుతో సమానంగా పడిపోతుందని పరీక్షల్లో తేలింది. తాగి ఎక్కితే ఊరుకోం, నిద్రలేకుండా ఎక్కితే మెచ్చుకుంటాం! నాలుగు సెకన్ల కునుకు చాలు, 80 కిలోమీటర్ల వేగంలో బండి దాదాపు 90 మీటర్లు ఎవరూ నడపకుండా పోతుంది. అర్ధరాత్రి దాటాక రెండు నుంచి ఆరు దాకా, మళ్ళీ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఒళ్ళు దానంతటదే వాలిపోతుంది. కిటికీ తీయడం, పాటలు పెట్టడం కొన్ని నిమిషాల ముచ్చటే. పనికొచ్చేది నిద్రే. కాఫీ తాగి వెంటనే 20 నిమిషాలు పడుకుంటే లేచేసరికి కాఫీ పనిచేయడం మొదలుపెడుతుంది. లేవగానే స్టీరింగ్ పట్టకూడదు, పది పదిహేను నిమిషాలు కింద తిరగాలి.

ఐరోపాలో నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాల విరామం తప్పనిసరి. అమెరికాలో రోజుకు 11 గంటలకు మించి నడపకూడదు. మీ దగ్గర ఏ నియమం ఉంటే అది పాటించండి. కానీ ఆ గంటలు అయ్యేదాకా నిద్ర ఆగదు కదా. గంటకోసారి "ఎలా ఉంది?" అని అడగండి. ఆవలింతలు వరుసగా మూడు వచ్చినా, గడిచిన రెండు కిలోమీటర్లు గుర్తులేకపోయినా సీటు మారాల్సిందే.

నేను కొత్తగా చేరిన అమ్మాయిని. సీనియర్ మగవాడు. ఏం అడిగి పెట్టుకోవాలి?

రాత్రి బస ఎక్కడ, ఎవరు ఎక్కడ పడుకుంటారు అన్నది ట్రిప్పు మొదలుకాకముందే తేలాలి, దారిలో కాదు. ఇబ్బంది కలిగితే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు ముందే తీసుకోండి. సీనియర్‌ని మార్చమని అడగడానికి కారణాల జాబితా రాసివ్వాల్సిన పని ఉండకూడదు. యజమానులూ, ఇది మీకు కూడా.

బలం సంగతి ఎత్తేవాళ్ళు ఎత్తుతూనే ఉంటారు. పవర్ స్టీరింగ్ వచ్చాక బండి తిప్పడానికి కండలు అక్కర్లేదు. బిగుసుకున్న నట్టుకు పొడుగు రాడ్డు పెట్టాలి, మగవాడైనా అంతే. సీటు, స్టీరింగ్, అద్దాలు మీ ఎత్తుకు సర్దుకోకుండా కదలకండి. పెడల్ చివరిదాకా తొక్కినప్పుడు మోకాలు ఇంకా కాస్త వంగి ఉండాలి. సీనియర్ తొందరపెట్టినా ఈ రెండు నిమిషాలు వదులుకోవద్దు.

మా సీనియర్ నడుపుతూ ఫోన్ చూస్తాడు, బెల్టు పెట్టుకోడు. ఎలా చెప్పాలి?

"అన్నా, ఫోన్ నేను చూసి చెబుతాను, ఇవ్వు" అనండి. పనిచేయకపోతే పైవాళ్ళకు చెప్పి బండి మారండి. సర్దుకుపోవాల్సిన విషయం కాదు.

ఎన్ని రోజులకు ఒంటరిగా పంపొచ్చు?

రోజుల లెక్క నాకు నమ్మకం లేదు. ఒకరికి మూడు వారాలు చాలు, ఒకరికి మూడు నెలలు చాలవు. నేను చూసేది వేరు. ట్రైలర్ తగిలించాక చెప్పకుండానే తక్కువ గేరులో ముందుకు లాగి చూస్తున్నాడా? దిగి, టార్చి వేసి, ట్రైలర్‌ని బండికి తగిలించే కింగ్ పిన్ చుట్టూ లాకు పట్టిందా అని కళ్ళతో చూస్తున్నాడా? వాన రాగానే అడక్కుండా వేగం తగ్గిస్తున్నాడా? అన్నిటికన్నా, నేను "పోదాం" అన్నప్పుడు "వద్దన్నా, ఈ టైరు బాగాలేదు" అని ఎప్పుడైనా అన్నాడా? ఒక్కసారి అలా అని నన్ను ఆపినవాణ్ణి నేను ధైర్యంగా పంపుతాను. బ్రహ్మాండంగా నడుపుతూ ఒక్కసారి కూడా కాదనని కుర్రాణ్ణి ఇంకో రెండు వారాలు ఉంచుకుంటాను.

మొదటి ఒంటరి ట్రిప్పు నాడు సీనియర్ ఏం చేయాలి?

తెలిసిన దారి, పగలు, మామూలు లోడు చూసి ఇప్పించండి. బండి ఎత్తు ఎంతో ఒక కాగితం మీద పెద్ద అంకెలతో అతని చేతే రాయించి డ్యాష్‌బోర్డు మీద అంటించండి. తక్కువ ఎత్తు వంతెన ఎదురైనప్పుడు గుర్తు తెచ్చుకునే టైము ఉండదు. ఖాళీ అయ్యాక స్ప్రింగులు లేచి బండి కొద్దిగా ఎత్తు పెరుగుతుందని కూడా చెప్పండి, వచ్చేటప్పుడు తగలగలదు. డీజిల్ మూత, యాడ్‌బ్లూ (పొగను శుభ్రం చేసే ద్రవం) మూత పక్కపక్కన ఉంటే చేత్తో ముట్టించి చూపండి. టెన్షన్లో దీంట్లో పోయాల్సింది దాంట్లో పోసేసిన వాళ్ళున్నారు. అలా జరిగితే ఇంజను స్టార్ట్ చేయకుండా ఫోన్ చేయమనండి.

ఆ రోజు మీ ఫోన్ దగ్గరే పెట్టుకోండి, కానీ మీరు చేయకండి. మోగితే నడుపుతూ ఎత్తుతాడు. బండి ఆపిన ప్రతిచోటా అతనే చేస్తాడు. నా దగ్గర నేర్చుకున్న ఒకతను మొదటి రోజు పదకొండుసార్లు చేశాడు, అందులో నాలుగు ఒకే ప్రశ్న. నాలుగుసార్లూ చెప్పాను.